సెండాఫ్ సీసా

కాపడియా వెండి లక్ష్మి వద్దన్నాడు. శాలువా వద్దన్నాడు. గోడ గడియారం మాటెత్తితే రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. సూరత్‌లోని పాండేసర బ్యాంకు శాఖలో నాలుగేళ్లు మేనేజరుగా చేసి, ప్రమోషన్ మీద అహ్మదాబాదు పోతున్న మనిషికి స్టాఫంతా కలిసి ఏమిచ్చి పంపాలో తేలక, క్యాషియర్ పద్మారాణి చీటీ, పెన్నూ పట్టుకుని మూడు రోజులుగా ఆయన క్యాబిను చుట్టూ తిరుగుతోంది. నాలుగోరోజు, బుధవారం పొద్దున, ఆయనే దారి చూపించాడు.

"మీ ప్రేమ చాలు నాకు," అన్నాడు మాస్కు గడ్డం కిందికి లాక్కుని. నోట్లోని వక్కపొడిని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చి, "ఇంకా ఇవ్వాలనే ఉంటే ధర్మారావ్‌భాయ్‌ని అడుగు. నా ఆరోగ్యానికి ఏది మంచిదో ఆయనకి బాగా తెలుసు," అన్నాడు.

అందరూ నవ్వారు. ధర్మారావు కూడా నవ్వాడు. నవ్విన తర్వాత ఎందుకో నోరు చేదుగా అనిపించి, టేబులు మీది సీసాలోంచి మంచినీళ్లు తాగాడు.

గుజరాత్‌లో మందు నిషేధం. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఊరంతా తాగుతుంది, ఊరికే తెలియదు. దొంగచాటుగా, నిషేధం లేని పక్క దమణ్ నుంచి తెప్పించుకునేవాళ్లు తెప్పించుకుంటారు. మర్యాదగా తాగాలనుకునేవాడికి మాత్రం ఒకటే దారి. అతను రోగి కావాలి. మందు పుచ్చుకోకపోతే ఈ మనిషి ఆరోగ్యం దెబ్బతింటుందని డాక్టర్లు రాసిస్తే, సర్కారు ముద్రేసి పర్మిట్టు కార్డు ఇస్తుంది. నెలకింత అని లెక్క. పాండేసర శాఖలో ఆ భాగ్యం సీనియర్ అసిస్టెంటు ధర్మారావు ఒక్కడికే ఉంది. 'నిద్రలేమి, రక్తపోటు, మానసిక ఆందోళన' అని ఆయన కార్డు మీద ఉంటుంది. రాత్రి ఆయన పడుకుంటే గురక పక్క ఫ్లాటుకు వినబడుతుంది.

నిజానికి ఆయనకి తాగుబోతులంటే అసహ్యం. ఉమ్మేవాళ్లంటే అసహ్యం. బస్సులో పక్కవాడి చెమట వాసనంటే అసహ్యం. కరోనా రాకముందు నుంచే జేబులో రెండు చేతిరుమాళ్లు పెట్టుకునే మనిషి. శనివారం సాయంత్రం చిన్న కొలగిన్నెతో కొలిచి రెండు పెగ్గులు, వాటి పక్కన వేయించిన జీడిపప్పు, అంతే. మిగిలిన కోటా ఊరికే పోనివ్వడమెందుకని, నాలుగేళ్లుగా నెలకో సీసా కాపడియా కారు డిక్కీలోకి వెళుతోంది. 'పర్మిటు గల వ్యక్తి సొంత వాడకానికి మాత్రమే' అని కార్డు లోపలి పేజీలో అచ్చయి ఉంది. ఆ పేజీ ఎవరూ చదవరు.

"ఈసారి మామూలుది కాదు ధర్మారావ్‌భాయ్," అన్నాడు కాపడియా. "సెండాఫ్ కదా. విలాయతీ ఉండాలి."

"అలాగే సాబ్, రేపు సెలవు పెట్టి నేనే వెళ్లి చూస్తాను," అన్నాడు ధర్మారావు.

సరిగ్గా అప్పుడే గ్రిల్లు అవతల వినోద కనిపించింది.

వినోద గణపతి భార్య. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి మగ్గాల మీద పనికని సూరత్ వచ్చిన గణపతి, మరమగ్గాల మోత చెవికి పడక, ఈ శాఖలో కాంట్రాక్టు ప్యూనుగా చేరాడు. ఆరేళ్లు చేశాడు. ఈ ఏడు ఏప్రిల్‌లో, ఊరంతా అంబులెన్సులు మోగిన రోజుల్లో, కరోనాతో పోయాడు. డ్యూటీలో ఉండగా జబ్బుపడి పోయిన కాంట్రాక్టు మనిషి ఇంట్లో ఒకరికి ఆ పనే ఇవ్వమని దీపావళికి ముందు పైనుంచి ఆర్డరు వచ్చింది. జబ్బుపడే ముందు వారం అతను పనిలో ఉన్నట్టు మేనేజరు ఒక కాగితం రాసివ్వాలి. కాపడియా రాసిచ్చాడు. ఏప్రిల్ ఒకటో తారీకు నుంచి గణపతి పనిలోకి రాలేదని రాసిచ్చాడు.

ఆ కాగితం మార్చమని అడగడానికి వినోద రావడం ఇది నాలుగోసారి. లోపలికి రానివ్వొద్దని గార్డుకి చెప్పి ఉంచారు. ఆమె గ్రిల్లు సందులోంచి కొత్తగా రాయించిన అర్జీ అందించింది. కాపడియా దాన్ని రెండు వేళ్లతో అంచు పట్టుకుని, టేబులు మీద పరిచి, శానిటైజరు స్ప్రే సీసా తీసి కొట్టాడు. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. నీలి సిరా కరిగి, పేరు, తారీకు, 'దయచేసి' అన్న మాట, అన్నీ కలిసి కిందికి కారాయి. వినోద ఆ కాగితాన్నే చూస్తూ నిలబడింది. అర్జీ రాసిన మనిషి దగ్గర ఎంతసేపు కూర్చుందో ఏమో.

ధర్మారావు చూపు తిప్పుకుని కంప్యూటరులోకి చూశాడు.

"రిజిస్టర్లో ఏముందో అదే రాశాను. ఆమెకి మీ భాషలో చెప్పండి," అన్నాడు కాపడియా హిందీలో.

ఆ రిజిస్టరంటే కాంట్రాక్టు వాళ్ల హాజరు రాసుకునే మామూలు బడిపిల్లల నోటు పుస్తకం. అందులో రాసేదీ కాపడియానే, కొట్టేసేదీ కాపడియానే. ధర్మారావు లేచి గ్రిల్లు దగ్గరికి వెళ్లి, ఆరడుగుల దూరంలో ఆగి, "రిజిస్టర్లో లేదంటున్నారమ్మా," అన్నాడు.

"నాకు సమజైంది సార్. పన్నెండేండ్లాయె ఈడికొచ్చి, హిందీ రాదా నాకు?" అంది వినోద. "మీకు యాదికి లేదా సార్? గా వారం మొత్తం పొద్దుగాల్నే డ్యూటీకి పోయిండు. మీరు సుత గాన్నే ఉన్నరు గద."

"ఎనిమిది నెలలైపోయింది కదమ్మా. ఏ రోజు ఎవరొచ్చారో ఎలా గుర్తుంటుంది?"

ఆమె కాసేపు ఆయన ముఖంలోకే చూసింది. ఏడవలేదు, బతిమాలలేదు. ఎవరో వస్తామన్నవాళ్ల కోసం దారి చూసినట్టు చూసింది. ఆ చూపుకి ధర్మారావు మాస్కు సర్దుకున్నాడు.

"సాబ్ శుక్రారం పోతుండట గద. కొత్త సాబ్‌కు గణపతి ఎవలో ఎర్కుండదు. ఆ దినం దాటితె నాకు కాయితం ఎవలిస్తరు సార్? జర యాదికి చేసుకోండ్రి," అని, కొంగు ముక్కు మీదికి లాక్కుని వెళ్లిపోయింది.

కాపడియా చేతులకి మళ్లీ స్ప్రే కొట్టుకున్నాడు. తడిసిన అర్జీని చెత్తబుట్టలో వేస్తూ, "నల్లది కాదు ధర్మారావ్‌భాయ్, ఆకుపచ్చ సీసాది చూడండి," అన్నాడు.

గురువారం పదకొండింటికి ధర్మారావు అఠ్వా లైన్స్ వైపు ఉన్న ఒక హోటలు సెల్లారులోకి దిగాడు. పర్మిట్టు దుకాణం అక్కడ ఉంది. బయట బోర్డు ఉండదు, తెలిసినవాళ్లకి తెలుసు. దూరం పాటించడానికి నేల మీద పసుపు రంగుతో గుండ్రాలు గీశారు. ఒక్కో గుండ్రంలో ఒక్కో పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. చేతి వేళ్లకి ఉంగరాలు, కాళ్లకి నిగనిగలాడే బూట్లు, చంకలో కార్డు. వరుసలో అందరూ రోగులే, ఒక్కడికీ రోగం లేదు. ధర్మారావు ముందున్నాయన పొద్దున్నే ఆరు కిలోమీటర్లు నడిచానని ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. కార్డులో ఆయన గుండె జబ్బు మనిషి అయి ఉంటాడు.

ఫోను మోగింది. పద్మారాణి.

"అంకుల్, డబ్బా ఉన్నదే తీసుకోండి హఁ. ఖాలీ సీసా ఒక్కటే ఇస్తే సారూ నహీ లాగే, బాగోదు. సాబ్ ఫొటో పంపారు, మీకు ఫార్వర్డ్ చేశాను," అంది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, మూడు భాషలూ ఒకే వాక్యంలో కుక్కేస్తుంది.

ఫొటో చూశాడు. ఎవరింట్లోనో పెళ్లికి తీసినది. గాజు టేబులు మీద ఆకుపచ్చ సీసా, దాని పక్కన కాపడియా పొట్ట సగం. ధర్మారావు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

తన వంతు రాగానే కౌంటరు అవతలి మనిషి, "గిఫ్టా సాబ్?" అని అడిగాడు.

"కాదు. నాకే."

"అవునవును. అందరూ తమకే తీసుకుంటారు," అని ఏ మాత్రం నవ్వకుండా మూడు సీసాలు తెచ్చి గాజు మీద పెట్టాడు. "రిబ్బను కావాలంటే ఉంది."

ధర్మారావు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. మొదటిది దేశవాళీ. బంగారు రంగు అట్ట పెట్టె, మీద సింహం బొమ్మ. బయట ఆర్భాటమే తప్ప మూత తీస్తే స్పిరిటు వాసన. రెండోది విలాయతీదే కానీ అందరికీ దొరికేది. కాపడియా పెదవి విరుస్తాడు. మూడోది ఆకుపచ్చ సీసా, పన్నెండేళ్లు చెక్క పీపాలో నిలవబెట్టింది. దీపం వెలుగుకి ఎత్తి పట్టుకుని, లోపల ద్రవం ఎంత నెమ్మదిగా కదులుతుందో చూశాడు. మూత మీది సీలు గోటితో తడిమాడు. అడుగున నలక ఉందేమోనని తలకిందులు చేశాడు. మందు ఎంచడంలో ఆయనకి మంచి పేరుంది. ఆ పేరంటే ఆయనకి లోపల్లోపల ఇష్టం కూడా.

"పద్దెనిమిదేళ్లది ఉందా?"

"వచ్చే వారం వస్తుంది సాబ్."

"సరే, ఇదే ఇవ్వండి," అని కార్డు ముందుకి తోశాడు.

దుకాణం మనిషి కార్డుని ప్లాస్టిక్ తొడుగులోంచి లాగి దులిపాడు. నాలుగు మడతలు పెట్టిన పల్చని కాగితం ఒకటి జారి గాజు మీద పడింది. మడత విప్పి చూసి, "పాత పావతి. రెన్యువల్‌కి కాగితాలిచ్చినప్పటి రసీదు. పారేయనా?" అన్నాడు.

ధర్మారావు తీసుకుని చూశాడు. తన పేరు, తన పర్మిటు నంబరు. పెద్దాసుపత్రి ముద్రలో తారీకు ఎనిమిది, నాలుగు, రెండువేల ఇరవై ఒకటి. టైము పదకొండు నలభై. కింద 'కాగితాలు ఇచ్చిన వ్యక్తి' అన్న గుజరాతీ అక్షరాల పక్కన తెలుగులో సంతకం. గ అక్షరం తలకట్టు పెద్దగా, మిగతావి చిన్నగా. గణపతి. దాని కింద గుమాస్తా రాత, 'బ్యాంకు ప్యూను' అని.

ఏప్రిల్ ఒకటి నుంచి పనిలోకి రాని మనిషి ఎనిమిదిన ఆసుపత్రి కిటికీ దగ్గర బ్యాంకు ప్యూనుగా సంతకం పెట్టాడు.

ధర్మారావుకి ఆ పొద్దు మొత్తం కళ్ల ముందుకి వచ్చింది. గుర్తు లేదని ఎనిమిది నెలలుగా తనకి తాను చెప్పుకున్నాడు గానీ అది ఎక్కడికీ పోలేదు. గణపతి తువ్వాలు ముక్కుకి చుట్టుకుని వచ్చాడు. "సార్, జర ఒళ్లు ఎచ్చగున్నది, రేపు పోనా?" అన్నాడు. కార్డు గడువు మర్నాటితో అయిపోతుంది. పెద్దాసుపత్రి వెనకవైపు కిటికీలో కాగితాలిచ్చి రావాలి. ముందువైపు జనం మంచాల కోసం కొట్టుకుంటున్నారు, ఆ దరిదాపుల్లోకి వెళ్లాలంటే ధర్మారావుకి వణుకు. "లైన్లో నిలబడ్డమే కదా గణపతీ. నీడ ఉంటుందిలే," అన్నాడు. క్యాబిను లోంచి కాపడియా కేకేశాడు. "పంపండి పంపండి. ఆ కార్డు ఆగిపోతే మనందరికీ అనారోగ్యమే!" అప్పుడూ అందరూ నవ్వారు.

"సాబ్, పారేయనా?" అన్నాడు దుకాణం మనిషి మళ్లీ.

వెనక గుండ్రంలో ఎవరో గొంతు సవరించుకున్నారు. పారెయ్ అంటే చాలు. బుట్టలో పడుతుంది. ఈ కాగితం సంగతి ఎవరికీ తెలియదు. బయటపడితే మాత్రం మేనేజరు ఒక్కడే కాదు, మందు కార్డు కోసం జ్వరంతో ఉన్న ప్యూనుని లైన్లో నిలబెట్టిన సీనియర్ అసిస్టెంటు కూడా బయటపడతాడు. రిటైరుమెంటుకి ఇంకా ఏడాదిన్నర ఉంది.

"వద్దు. ఇటివ్వండి," అని రసీదుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సీసా కూడా తీసుకున్నాడు. డబ్బా లేదంటే రిబ్బను కట్టించుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి తాయారమ్మ పెసరట్ల పిండి రుబ్బుతోంది. భర్త డైనింగు టేబులు మీద సీసా పెట్టి, చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కుని, మూడోసారి కూడా కడుక్కోవడం చూసి మిక్సీ ఆపింది.

"ఎవరికండీ అది?"

"కాపడియాకి. సెండాఫ్."

"ఆ మనిషికి మన చేత్తో పోయని నెల లేదు," అంటూ సీసాని ఒక మూలకి జరిపి, అది ఉన్నచోట తడిగుడ్డతో తుడిచింది.

ధర్మారావు రసీదు తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె కళ్లజోడు తెచ్చుకుని చూసింది. సంతకం దగ్గర వేలు ఆగింది.

"ఉగాదికి ముందు గురువారం కదూ," అంది.

"నీకు గుర్తుందా?"

"ఎందుకుండదు? ఈ కార్డు తెచ్చిచ్చి మన మెట్ల మీద కూర్చుండిపోయాడు. లేవలేకపోయాడు. మంచినీళ్లడిగితే ప్లాస్టిక్ గ్లాసులో పోసి, తలుపు సందులోంచి పెట్టాను. తాగాక, గ్లాసు ఇక్కడ పెట్టొద్దు, పట్టుకుపో అన్నాను." తాయారమ్మ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "పట్టుకుపోయాడండీ. ఖాళీ గ్లాసు చేత్తో పట్టుకుని, దగ్గుకుంటూ. పైనుంచి చూశాను, గేటు దాటేదాకా పారేయలేదు."

ధర్మారావు రసీదు మడతపెట్టి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"నాకు గుర్తుంది. మీకు లేదంటే నేను నమ్మను," అంది ఆమె. మళ్లీ మిక్సీ వేసింది.

ఆ పూట ఆయనకి పెసరట్టు గొంతు దిగలేదు. సగం తిని కంచం పక్కకి జరిపాడు. టేబులు మూలన ఆకుపచ్చ సీసా, మెడకి ఎర్ర రిబ్బనుతో, కొత్త పెళ్లికొడుకులా నిలబడి ఉంది. దాన్ని చూడలేక కుర్చీ పక్కకి తిప్పుకున్నాడు. కానీ తీసి పారబోయలేదు. చెప్పేవన్నీ శ్రీరంగనీతులే అయినా ఖరీదైన వస్తువు పారబోసే రకం కాదు ధర్మారావు.

శుక్రవారం పొద్దున అందరికంటే ముందు శాఖకి వెళ్లి ఆయన ఒక కాగితం టైపు చేశాడు. నాలుగే వాక్యాలు. గణపతి అనే కాంట్రాక్టు ప్యూను ఏప్రిల్ తొమ్మిదో తారీకు వరకు శాఖ పనిలో ఉన్నాడని, ఆ తర్వాత జబ్బుపడ్డాడని. ముందు ఐదు వాక్యాలు టైపు చేశాడు. ఐదోది, ఎనిమిదో తారీకున అతన్ని ఎక్కడికి, ఎందుకు పంపారన్నది. దాన్ని చాలాసేపు చూసి, చెరిపేశాడు. డ్యూటీలో ఉన్నాడన్నది చాలుగా అనుకున్నాడు.

నాలుగింటికి షట్టరు సగం దించి సభ మొదలుపెట్టారు. ఖమణ్, సమోసాలు, బంతిపూల దండ. పద్మారాణి నాలుగు మాటలు చదివింది. తర్వాత కాపడియా లేచాడు. దండ మెడలోనే ఉంది. మాస్కు ఒక చెవికి వేలాడుతోంది.

"ఈ మహమ్మారిలో సూరత్‌లో ఎన్ని శాఖలు మూతపడ్డాయి! మనది ఒక్కరోజు మూయలేదు. అది మీ అందరి గొప్పతనం," అన్నాడు. కళ్లు కూడా తడి చేసుకున్నాడు. "ఇంకో మాట. అందరి ఇళ్లల్లో ఎవరో ఒకరు పోయారు. దేవుడి దయ, మన ఈ కుటుంబంలో మాత్రం ఒక్కరూ పోలేదు."

చప్పట్లు మోగాయి. కొత్త ప్యూను సమోసాల పళ్లెం కింద పెట్టి మరీ కొట్టాడు. ధర్మారావు తల దించుకుని చూస్తే తన చేతులు కూడా చప్పట్లు కొడుతున్నాయి. ఆ చేతులెవరివో అన్నట్టు చూసి, ఆపి, వెనక్కి పెట్టుకున్నాడు. ఇంతకన్నా నీచం ఇంకేముంటుందని ఎవరినో అడగాలనిపించింది. అడగడానికి అక్కడ ఎవరూ కనబడలేదు.

సభ అయ్యాక, అలవాటు ప్రకారం, సీసా ఇచ్చే పని క్యాబిను తలుపు వేసి చేయాలి. ధర్మారావు గుడ్డసంచీ పట్టుకుని లోపలికి వెళ్లాడు. సంచీ కుర్చీ మీద పెట్టాడు గానీ సీసా తీయలేదు. ముందు కాగితం తీసి టేబులు మీద పెట్టాడు.

"దీని మీద మీ సంతకం కావాలి సాబ్."

పొద్దుటి నుంచి ఈ ఘట్టాన్ని మనసులో నూరుసార్లు ఆడి చూసుకున్నాడు. కాపడియా అరుస్తాడు. అప్పుడు జేబులోంచి రసీదు తీస్తాడు. ఇద్దరం మునుగుతాం సాబ్, ఫరవాలేదు, మునుగుదాం అంటాడు.

కాపడియా కాగితం చదివాడు. మధ్యలో చూపు ఒకసారి సంచీ మీదికి, రిబ్బను కొస మీదికి వెళ్లి వచ్చింది.

"ఇంతేనా?" అన్నాడు.

"అంతే సాబ్."

"అరె, దీనికి ఇంత ముఖం పెట్టాలా! ప్రమోషన్ ఆర్డరు రాకముందు అడిగితే నాకు ఇబ్బంది, అర్థం చేసుకోవాలి మీరు. జ్వరమున్నవాణ్ణి డ్యూటీకి పిలిచారని ఎవడైనా పైకి రాస్తే? ఇప్పుడేముంది, పొద్దున్నే ఆర్డరు చేతికొచ్చింది. పాతది హెడ్డాఫీసుకి పంపలేదు, ఫైల్లోనే ఉంది." ఫైలు లాగి పాత కాగితం చింపి బుట్టలో వేశాడు. పెన్ను తీసి సంతకం పెట్టాడు. ముద్ర వేశాడు. సిరా ఆరడానికి నోటితో ఊదాడు. ఊదినప్పుడు వక్కపొడి తుంపర ఒకటి కాగితం అంచు మీద పడింది. "పాపం, గణపతి మంచివాడు. టీ బాగా పెట్టేవాడు."

అంతా కలిసి, దుకాణంలో రిబ్బను కట్టినంత సేపు కూడా పట్టలేదు. దీనికోసం వినోద నాలుగుసార్లు గ్రిల్లు అవతల నిలబడింది.

కాపడియా సంచీలోంచి సీసా తనే తీసుకున్నాడు. దీపం వెలుగుకి ఎత్తి పట్టుకుని చూశాడు, అచ్చం నిన్న ధర్మారావు చూసినట్టే. "పన్నెండేళ్లదా? పద్దెనిమిది దొరకలేదా?" అని నవ్వి, "ఫరవాలేదు. అహ్మదాబాదు వస్తే కలుస్తూ ఉండండి. కార్డు మాత్రం రెన్యువల్ చేయించుకుంటూ ఉండండి!" అని భుజం తట్టాడు.

ధర్మారావు బయటికి వచ్చాడు. జేబులోని రసీదు తీయనే లేదు. సంతకం వచ్చినందుకు సంతోషించాలి కదా అని తనని తాను అడిగాడు. నిజం రాయించడానికి కూడా లంచమే ఇచ్చాడు. తట్టిన భుజాన్ని చేతిరుమాలుతో తుడుచుకున్నాడు.

వినోద ఇల్లు పాండేసరలో రంగుల మిల్లుల వెనక ఉంది. వరుస గదుల చాల్‌కి పక్కనే మురుగు కాలువ, ఆ పూట ఏ రంగు అద్దితే ఆ రంగులో పారుతుంది. ఆ రోజు వంకాయ రంగు. బొగ్గు మసి, రసాయనాల ఘాటు, ఎక్కడో మాడుతున్న నూనె. ధర్మారావు రెండు మాస్కులు వేసుకుని, స్కూటరు సందు మొదట్లో ఆపి, గోడకి తగలకుండా నడిచాడు.

వినోద గుమ్మంలోనే కూర్చుని ధాగా కటింగ్ చేస్తోంది. పక్కన చీరల గుట్ట. ఒక్కో చీర ఒడిలోకి లాక్కుని, తిరగేసి, వెనకవైపు వేలాడే జరీపోగుల్ని చిన్న కత్తెరతో టకటకా కత్తిరిస్తోంది. కత్తిరించిన పోగులు మోకాళ్ల మీదా జుట్టు మీదా మెరుస్తున్నాయి. ఆయన్ని చూసి లేవలేదు. కత్తెర మాత్రం ఆపింది.

"కాగితం తెచ్చానమ్మా. సాబ్ సంతకం పెట్టారు."

"సదువున్రి సార్."

చదివాడు. తెలుగులో చెప్పాడు. తొమ్మిదో తారీకు వరకు శాఖ పనిలో ఉన్నాడు అన్న వాక్యాన్ని రెండుసార్లు చెప్పాడు. ఆమె తల ఊపుతూ వింది.

"ఎనిమిదో తారీకు యాడికి పోయిండో రాసిన్రా?"

ధర్మారావు చేతిలోని కాగితంలోకి మళ్లీ చూశాడు.

"గురువారం నాడు. సార్ మందు కార్డు కాయితాలిచ్చెటందుకు దవాఖాన ఎనుక రెండు గంటలు లైన్ల నిలవడ్డ అని చెప్పిండు మా ఆయన. ముందటోడు నిలవడ్డకాన్నే పడిపోయిండట. లేపెటోడు లేకుంటె ఈయనే పోయి లేపిండట." ఆమె గొంతులో కోపం లేదు. ఒడిలో చీర సరిచేసుకుంటూ చెప్పింది. "దవాఖానకు తోలుకపోయెదాంక గదే ముచ్చట. అమ్మగారు ఇచ్చిన గిలాస సుత ఉన్నది ఇంట్ల."

"నీకు... మొదటి నుంచీ తెలుసా?"

"తెల్వకేం?"

"మరి ఆ సాబ్ ముందర చెప్పలేదేం? నాలుగుసార్లు వచ్చావు కదా."

"నేను చెప్తె మీ ఇజ్జత్ పోతది. పెద్దమనిషి, మన తెలుగాయన, ఆయనే చెప్తడు అనుకున్న. గందుకే అచ్చిన సార్ నాలుగుసార్లు. ఆ సాబ్ కోసం గాదు."

మిల్లు సైరన్ మోగింది. షిఫ్టు దిగిన మనుషులు సైకిళ్ల మీద సందులోంచి పోతుంటే ధర్మారావు గోడకి ఆనుకుని దారి ఇచ్చాడు. గోడ మసి చొక్కాకి అంటింది. అందరూ వెళ్లిపోయాక జేబులోంచి రసీదు తీశాడు. మడతలు విప్పి, ముందుకి చాచాడు.

"ఇది కూడా ఉంచమ్మా. నా నంబరు ఉంది దీని మీద. ఎవరైనా అడిగితే చూపించు. నేనే పంపానని చెప్పు. నేనూ చెబుతాను."

ఇన్నాళ్లలో ఆయన అన్న మొదటి నిజం అది.

వినోద కత్తెర కింద పెట్టి రసీదు అందుకుంది. ఆమెకి గుజరాతీ చదవడం రాదు, ముద్రలూ నంబర్లూ చూడలేదు. చూపు తిన్నగా అడుగున ఉన్న సంతకం దగ్గరికి వెళ్లింది. పెద్ద గ మీద బొటనవేలు పెట్టి అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని రవికెలో దాచుకుంది.

"ఇది మీ తాన ఉండెడిది గాదు సార్," అంది.

ధర్మారావు రెండో కాగితం, కాపడియా సంతకం పెట్టినది, అందించబోయాడు. ఆమె చెయ్యి చాచలేదు. గడప అవతల ఉన్న రాయి వైపు గడ్డంతో చూపించింది.

"గాడ పెట్టున్రి."

ఆయన వంగి కాగితాన్ని రాయి మీద పెట్టాడు. ఎగిరిపోకుండా చిన్న ఇటుక ముక్క పైన పెట్టాడు. దాహంగా ఉంది. ఇలా గుమ్మంలోకి వచ్చినవాడికి ఏ తెలుగింట్లోనైనా మంచినీళ్లిస్తారు. కొంచెం సేపు నిలబడ్డాడు. ఆమె మళ్లీ కత్తెర అందుకుంది. కత్తెర చప్పుడు మొదలైంది.

సందు చివర, స్కూటరు దగ్గర, తాళంచెవి కోసం వెతుకుతూ వెనక్కి చూశాడు. వినోద లేచి గడప దాటి వచ్చింది. ఇటుక ముక్క తీసింది. కాగితాన్ని అంచు పట్టుకుని ఎత్తి, కొంగుతో ముందువైపు తుడిచింది, తిరగేసి వెనకవైపు తుడిచింది, ఆయన వేళ్లు తగిలిన మూలని ఇంకోసారి తుడిచి, అప్పుడు లోపలికి తీసుకుపోయింది.